జైల్లో పునరావాస కార్యక్రమానికి రాండమైజ్డ్ ట్రయల్ ఎలా నడపాలి: నెల్లూరు, ఒంగోలు వాళ్ల కోసం

"మేం ఖైదీలకి కోపం అదుపు చేసుకునే క్లాసులు చెప్తున్నాం, టైలరింగ్ నేర్పిస్తున్నాం. ఇది నిజంగా పనిచేస్తోందని ఎలా చూపించాలి?" సోషల్ వర్క్ పీజీ పిల్లలు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు, సైకాలజీ లెక్చరర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే: ఒప్పుకున్నవాళ్లలో లాటరీ తీసి సగం మందికి కార్యక్రమం ఇవ్వాలి. మిగతా సగం మందిని ఎప్పటిలాగే ఉండనివ్వాలి. విడుదలయ్యాక రెండు గుంపులనీ ఒకే పద్ధతిలో, ఒకే గడువు దాకా గమనించాలి. దీన్నే రాండమైజ్డ్ ట్రయల్ అంటారు.

లాటరీ తీయడం ఒక మధ్యాహ్నం పని. అక్కడ చెడిపోయే ట్రయల్స్ తక్కువ. జైలు గేటు దగ్గర, సమ్మతి పత్రం దగ్గర, మరీ ముఖ్యంగా మనిషి బయటికి వెళ్లిపోయాక చెడిపోయేవే ఎక్కువ. అందుకని ఇక్కడ గణితం కొంచెమే ఉంటుంది, జైలు సంగతులు ఎక్కువ ఉంటాయి.

1. ముందు తేల్చుకోండి: ట్రయల్ అవసరమా?

కింది నాలుగింటికీ "అవును" అని చెప్పగలిగితేనే మొదలుపెట్టండి.

- కార్యక్రమం కాగితం మీద ఖాయమైపోయింది. ఎన్ని క్లాసులు, ఏ క్లాసులో ఏం చెప్తారు, ఎవరు చెప్తారు అన్నది మారదు.
- సీట్లకన్నా అడిగేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. అప్పుడే లాటరీ న్యాయంగా ఉంటుంది.
- విడుదలయ్యాక కనీసం రెండేళ్లు రికార్డులు చూసే దారి ఉంది.
- ఫలితం మీకు నచ్చకపోయినా బయటపెట్టే ధైర్యం ఉంది.

మూడోది లేకపోతే ట్రయల్ అనే మాట వదిలేసి చిన్న పైలట్ చేసుకోండి. ఎంతమంది చేరారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు, ఎందుకు మానేశారు అన్నది రాసిపెట్టుకున్నా అది పనికొచ్చే పనే.

"మంచి పనేగా, నష్టమేముంది?" అంటారు కొందరు. నష్టం ఉండొచ్చు. అమెరికాలో కుర్రాళ్లను జైలుకి తీసుకెళ్లి, ఖైదీల చేత భయపెట్టించి దారిలో పెట్టాలని చూసిన 'స్కేర్డ్ స్ట్రెయిట్' తరహా కార్యక్రమాల మీద తొమ్మిది ట్రయల్స్‌ను కలిపి చూస్తే, ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లకన్నా జైలు చూసొచ్చినవాళ్లే ఎక్కువగా నేరాల్లోకి వెళ్లారని తేలింది. చూసినవాళ్లందరికీ మాత్రం అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే అనిపించింది.

2. ఎవరి మీద చేస్తారు? రిమాండ్ ఖైదీలా, శిక్ష పడ్డవాళ్లా?

మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. 2022 చివరి లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలే. ఒంగోలు జిల్లా జైలుకో, తాలూకా కేంద్రంలోని సబ్ జైలుకో వెళ్తే మీకు కనపడేదీ ఎక్కువగా వాళ్లే. తేలిగ్గా దొరుకుతున్నారు కదా అని వాళ్లతోనే ఎనిమిది వారాల కార్యక్రమం పెట్టేస్తుంటారు.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 187వ సెక్షన్ చూడండి. ఛార్జిషీటు గడువులోగా పడకపోతే కేసును బట్టి 60 రోజులో 90 రోజులో నిండాక డిఫాల్ట్ బెయిల్ హక్కు వస్తుంది. మామూలు బెయిల్ ఏ రోజైనా రావచ్చు. 479వ సెక్షన్ ప్రకారం తొలిసారి నిందితుడైనవాడు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే విడుదలకు అర్హుడు. అందులో మినహాయింపులు ఉన్నాయి, అది వేరే సంగతి. ఆరో క్లాసుకి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయంటే తప్పు మీ కార్యక్రమానిది కాదు, క్యాలెండరుది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రిమాండ్‌లో ఉన్నవాడి నేరం ఇంకా రుజువు కాలేదు. "మీరు చేసిన నేరం గురించి మాట్లాడుకుందాం" అని క్లాసులో అడిగితే, అతను చెప్పే ప్రతి మాటా అతని కేసుకి ముప్పే. వాళ్లతో చేసి తీరాలనుకుంటే కార్యక్రమం రెండు మూడు వారాలకు మించకూడదు, నేరం ఊసు ఎత్తకూడదు.

నా సలహా: మొదటి ట్రయల్ శిక్ష పడ్డవాళ్లతో చేయండి. వాళ్లలోనూ విడుదలకు మూడు నుంచి ఆరు నెలలు మిగిలినవాళ్లను తీసుకోండి. అంటే వెంకటాచలం మండలం చెముడుగుంటలోని నెల్లూరు సెంట్రల్ జైలు లాంటి చోట. విడుదల తేదీ లెక్కేసేటప్పుడు రెమిషన్‌ను (శిక్షా కాలంలో ఇచ్చే తగ్గింపును) మర్చిపోవద్దు. హిస్టరీ టికెట్ (ఖైదీ వివరాలుండే జైలు పత్రం) మీద ఉన్న తేదీ ఒకటి, మనిషి గేటు దాటే తేదీ ఇంకొకటి. పంద్రాగస్టుకో జనవరి 26కో ప్రభుత్వం క్షమాభిక్ష జీవో ఇస్తే మీ జాబితాలో కొందరు ముందే వెళ్లిపోతారు. ఆ రెండు తేదీలకు ముందు నెలల్లో లాటరీ పెట్టుకోకపోవడం మేలు.

3. ఎంతమంది కావాలి?

ఇది ఊహకే ఇస్తున్న లెక్క. కార్యక్రమం లేకపోతే రెండేళ్లలో 100లో 30 మంది మళ్లీ జైలుకి వస్తారనుకుందాం. కార్యక్రమం దాన్ని 20కి దించుతుందని ఆశ. మామూలుగా పెట్టుకునే ప్రమాణాలతో (లేని తేడా ఉన్నట్టు పొరబడే అవకాశం 5 శాతం, ఉన్న తేడాని పట్టుకునే అవకాశం 80 శాతం) లెక్కేస్తే ఒక్కో గుంపుకి సుమారు 290 మంది కావాలి. రెండు గుంపులకీ 580. అయిదోవంతు మంది ఆచూకీ దొరకదనుకుంటే మొదట్లోనే 725 మందిని తీసుకోవాలి.

ఆశ తగ్గితే లెక్క పెరుగుతుంది. 20ని 15కి దించుతుందనుకుంటే ఒక్కో గుంపుకే సుమారు 900 మంది కావాలి.

ఆరు నెలల్లో విడుదలయ్యే శిక్షా ఖైదీలు ఒక్క జైల్లో అంతమంది దొరకరు. "ఉన్న 60 మందితోనే చేసేద్దాం" అనిపిస్తుంది. అలా చేయకండి. జైల్లో జరిగే మానసిక కార్యక్రమాల మీద 29 ట్రయల్స్‌ను, మొత్తం 9,443 మందిని కలిపి 2021లో ఒక సమీక్ష వచ్చింది. అన్నీ కలిపి చూస్తే మేలు కనపడింది. కార్యక్రమం గుంపులో 50 మంది కూడా లేని చిన్న అధ్యయనాల్ని తీసేసి చూస్తే మేలుందని గట్టిగా చెప్పలేని స్థితికి వచ్చింది. చిన్న ట్రయల్స్‌లో బాగా వచ్చినవే అచ్చుకెక్కుతాయి, రానివి అల్మారాలో ఉండిపోతాయి.

మూడు దారులున్నాయి:

- కడప, రాజమహేంద్రవరం, విశాఖ సెంట్రల్ జైళ్లను కలుపుకోవడం. ఏ జైలుకి ఆ జైల్లో విడిగా లాటరీ తీయాలి.
- రెండు మూడేళ్లపాటు బ్యాచ్ తర్వాత బ్యాచ్ చేర్చుకుంటూ పోవడం.
- ఫలితాన్ని మార్చుకోవడం. మళ్లీ నేరం బదులు కోపం, మద్యం, ఉద్యోగం లాంటివి కొలవడం. అలాంటప్పుడు "నేరాలు తగ్గాయి" అని చివర్లో రాయకూడదు.

మనిషిని కాకుండా బ్యారక్‌ను లాటరీలో పెడదామని కొందరంటారు. ఒకే బ్యారక్ వాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి లెక్క ఉబ్బుతుంది. బ్యారక్‌కి 40 మంది, పోలిక కొలత (ఒకే బ్యారక్ వాళ్లు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే అంకె) 0.02 అనుకున్నా 1.78 రెట్లు మంది కావాలి. ఒక జైల్లో ఉండే బ్యారక్‌లు ఎటూ చాలవు.

4. అనుమతులు: ఏది ముందు, ఏది తర్వాత

వరుస తప్పితే నెలలు పోతాయి. ఇలా వెళ్లండి.

1. జైలు సూపరింటెండెంట్‌తో అనధికారికంగా ఒక మాట. గది ఉందా, ఏ గంటల్లో వీలవుతుంది, ఎంతమంది వార్డర్లు కావాలి? ఇది తెలియకుండా ప్రతిపాదన రాస్తే ఊహే అవుతుంది.
2. మీ విశ్వవిద్యాలయం లేదా ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఖైదీలు ప్రత్యేక రక్షణ అవసరమైనవాళ్ల కింద వస్తారు. కాబట్టి "జైల్లోనే ఎందుకు, బయట ఎందుకు చేయరు?" అన్న ప్రశ్నకి జవాబు పట్టుకుని వెళ్లండి.
3. రాష్ట్ర జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ కార్యాలయం. అర్జీలో మూడు విషయాలు విడివిడిగా అడగండి: లోపలికి రావడానికి, జైలు రికార్డులు చూడడానికి, విడుదల తర్వాత ఈ-ప్రిజన్స్‌లో (జైళ్ల కంప్యూటర్ రికార్డుల్లో) వెతకడానికి. మొదటిది మాత్రమే అడిగి, రెండేళ్ల తర్వాత మూడోదాని కోసం తిరిగేవాళ్లు ఎందరో.
4. పోలీసు రికార్డుల కోసం రాష్ట్ర స్థాయిలో విడిగా అర్జీ. స్థానిక స్టేషన్‌కి వెళ్లొద్దు. ఎందుకో 9వ అంచెలో చెప్తాను.
5. మొదటి మనిషిని చేర్చుకునేలోపే సీటీఆర్ఐలో (దేశంలో జరిగే ట్రయల్స్‌ని నమోదు చేసే రిజిస్ట్రీలో) నమోదు. మందుల ట్రయల్స్‌కే కాదు, ప్రవర్తన, పునరావాస కార్యక్రమాల ట్రయల్స్‌కీ అక్కడ చోటుంది. ఏ ఫలితాన్ని కొలుస్తారో, ఎన్ని నెలలకు కొలుస్తారో తేదీతో సహా అక్కడ పడిపోతుంది. తర్వాత మార్చాలన్నా దాచలేరు.

సూపరింటెండెంట్లకు బదిలీలు మామూలే. కొత్తవారు వచ్చిన వారంలోనే డీజీ ఉత్తర్వు నకలు, ఒక పేజీ తెలుగు సారాంశం పట్టుకుని కలవండి. "పాత సార్ ఒప్పుకున్నారు" అన్న మాట మీద ఏ ట్రయలూ నడవదు.

5. సమ్మతి

జైల్లో "నీ ఇష్టం" అన్న మాటకి బరువు తక్కువ. ఖాకీ చొక్కా పక్కన నిలబడి ఉంటే సంతకం పెట్టనివాడు ఉండడు. బెయిల్‌కి పనికొస్తుందనో, రెమిషన్ కలుస్తుందనో, పెరోల్ తొందరగా వస్తుందనో లోపల్లోపల ఆశ ఉంటుంది. మీరు చెప్పకపోయినా పక్క బ్యారక్ వాడు చెప్తాడు.

సమ్మతి పత్రం మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "ఇందులో చేరినా, చేరకపోయినా, మధ్యలో మానేసినా మీ కేసుకి, బెయిల్‌కి, రెమిషన్‌కి, పెరోల్‌కి ఏ సంబంధమూ లేదు." రెండో వాక్యం: "చేరితే మీకు క్లాసులు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. చీటీ తీస్తాం."

పత్రం చదివి వినిపించేది ఎవరన్నది చాలా ముఖ్యం. చదువు రానివాళ్ల పత్రాలు నింపడానికి జైల్లో రైటర్‌గా పనిచేసే ఖైదీని పిలవడం అలవాటు. అతను మంచివాడే కావచ్చు. కానీ అతనికి లోపల పలుకుబడి ఉంటుంది, పైగా విన్నది నలుగురికీ చేరుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగి పారా లీగల్ వాలంటీర్‌నో, ప్యానెల్ లాయర్‌నో సాక్షిగా కూర్చోబెట్టండి. వార్డర్ కంటికి కనపడే దూరంలో, చెవికి అందని దూరంలో ఉండాలి.

అర్థమైందో లేదో చూడ్డానికి "అర్థమైందా?" అని అడగకండి. తలూపుతారు. ఇలా అడగండి: "చీటీలో పేరు రాకపోతే ఏమవుతుంది?" "మూడో క్లాసు తర్వాత రానంటే సార్ వాళ్లు ఏమంటారు?" తప్పు చెప్తే మళ్లీ చెప్పండి. రెండోసారీ తప్పు చెప్తే ఆ రోజుకి వదిలేయండి.

నెల్లూరు జిల్లాలో మర్చిపోకూడనివి రెండున్నాయి. ఒకటి తమిళం. ఎర్రచందనం కేసుల్లో పట్టుబడిన తమిళనాడు కూలీలకి తెలుగు పత్రం చదివి వినిపించి వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు. తమిళ పత్రం, తమిళం వచ్చిన మనిషి ఉండాలి. లేకపోతే "తెలుగు తెలిసినవాళ్లు మాత్రమే" అని ముందే నియమం పెట్టండి.

రెండోది కులం. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. పాత రిజిస్టర్ లోంచి ఆ వివరం ఎత్తి మీ ఫారంలో రాసుకోకండి. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో పోయినా, యానాది, ఎరుకల కుటుంబాల మీద పడ్డ ముద్ర అంత తేలిగ్గా పోలేదు. "ఈ కులం వాళ్లు మళ్లీ నేరం చేసే అవకాశం ఇంత" అన్న పట్టిక మీ రిపోర్టులో ఉంటే రేపు దాన్ని ఎవరు ఎందుకు వాడతారో మీ చేతిలో ఉండదు.

సమ్మతి రోజు సరిచూసుకోవాల్సినవి:

- రికార్డులు చూడడానికి విడిగా అనుమతి తీసుకున్నారా? (క్లాసులు మానేసినా రికార్డులు చూడొచ్చా అన్న గడి కూడా ఉండాలి.)
- ఏ విషయం గుట్టుగా ఉంచలేరో చెప్పారా? తప్పించుకునే పథకం, ఆత్మహత్య ఆలోచన, ఫలానావాణ్ణి చంపుతానన్న మాట.
- ఆలోచించుకోడానికి కనీసం ఒక రాత్రి గడువిచ్చారా?
- వద్దన్నవాళ్ల పేర్లు జైలు సిబ్బందికి ఇవ్వకుండా జాగ్రత్తపడ్డారా?

6. లాటరీ

వరుస ఇది: సమ్మతి, తర్వాత మొదటి కొలతలు, ఆ తర్వాతే లాటరీ. తిరగేస్తే, కంట్రోల్ గుంపులో (కార్యక్రమం అందని సగంలో) పడ్డానని తెలిసినవాడు ముక్తసరిగా జవాబులు చెప్తాడు.

ఖైదీ నంబరు సరి బేసి, చేరిన తేదీ, బ్యారక్ కుడి ఎడమ, ఇవేవీ లాటరీ కావు. తర్వాత వచ్చేవాడు ఎటు పడతాడో ముందే తెలిసిపోతుంది. తెలిస్తే ఎవరో ఒకరు సర్దుతారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. "ఈ కుర్రాడు బుద్ధిమంతుడు సార్, వీణ్ణి క్లాసులో వేయండి" అని హెడ్ వార్డర్ అడుగుతాడు. ఆ మాట మీద పదిమంది మారితే, మీరు కొలిచేది కార్యక్రమాన్ని కాదు, హెడ్ వార్డర్ గారి మనుషుల అంచనాని.

మూసిన కవర్లు వాడితే పల్చని తెల్ల కవర్లు వద్దు. ట్యూబులైటుకి ఎదురుగా పెడితే లోపలి అక్షరం కనపడుతుంది. లోపల మడత పెట్టిన కార్బన్ కాగితమో, అల్యూమినియం రేకో పెట్టి, కవరు మీద వరుస నంబరు వేసి, అంటించిన చోట సంతకం చేయండి. ఖైదీ పేరు కవరు మీద రాశాకే తెరవాలి. ఇంతకన్నా మంచిది ఫోన్ పద్ధతి. జాబితా జైలుకి సంబంధం లేని మనిషి దగ్గర, కాలేజీలోనో ఆఫీసులోనో ఉంటుంది. మీరు గేటు బయటికొచ్చి ఫోన్ చేసి కోడ్ చెప్తే అతను గుంపు చెప్తాడు. సెల్‌ఫోన్ ఎటూ లోపలికి రానివ్వరు కదా.

గుంపులు సరిసమానంగా రావడానికి నాలుగు, ఆరు, ఎనిమిది మంది చొప్పున మారుతూ ఉండే బ్లాకులు (ఒక్కోదాంట్లో సగం ఇటు, సగం అటు పడే జట్లు) వాడండి. ఎప్పుడూ నాలుగే అయితే నాలుగోవాడి వంతు అందరికీ తెలిసిపోతుంది. విడివిడిగా లాటరీ తీయడానికి రెండు అంశాలు చాలు: ఏ జైలు, జైలుకి రావడం ఇది మొదటిసారా కాదా. ఆరేడు అంశాలు పెట్టుకుంటే ఒక్కో గడిలో ముగ్గురే మిగులుతారు.

7. కంట్రోల్ గుంపుకి ఏం ఇవ్వాలి?

ఇప్పటికే అందుతున్నదాంట్లో ఒక్కటీ తగ్గకూడదు. పని, చదువు, ములాఖత్, వైద్యం అన్నీ యథాతథం. "తర్వాత బ్యాచ్‌లో మీకూ ఇస్తాం" అనే మాట బయటికి వెళ్లిపోయేవాడికి ఇవ్వొద్దు. నిలబెట్టుకోలేరు.

ఒకే బ్యారక్‌లో పడుకునేవాళ్లు రాత్రి క్లాసు కబుర్లు చెప్పుకోకుండా ఉండరు. దాంతో రెండు గుంపుల మధ్య తేడా కొంత తగ్గుతుంది. దీనికి భయపడి బ్యారక్‌లు విడదీయమని అడగకండి. జైలు భద్రతలో మీరు వేలు పెట్టినట్టవుతుంది. క్లాసు కాగితాలు గదిలోనే ఉంచేయండి. చివర్లో కంట్రోల్ గుంపు వాళ్లని "క్లాసులో ఏం చెప్పారో విన్నావా?" అని అడిగి రాసుకోండి. చాలు.

8. కార్యక్రమం నడిచే వారాలు

ఉదయం లాకప్ తీసినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా ఉన్న పగటిలో భోజనం, పని, కోర్టు, ములాఖత్ అన్నీ పోతే మీకు మిగిలేది గంటన్నర. ములాఖత్ రోజున క్లాసు పెట్టకండి. అమ్మ వచ్చిందంటే ఎవరు కూర్చుంటారు?

ప్రతి గైర్హాజరుకీ కారణం ఒక అంకెతో రాయండి: కోర్టు వాయిదా, ఆసుపత్రి, ఎస్కార్ట్ లేక ఆగిపోయింది, జైలు బదిలీ, విడుదల, జైల్లో క్రమశిక్షణ చర్య, ఇష్టం లేదు. ఏడు కారణాలు, ఏడు అంకెలు. "రాలేదు" అని మాత్రమే రాస్తే రెండేళ్ల తర్వాత దాన్నుంచి ఏమీ రాదు.

క్లాసు చెప్పేవాళ్లు మూడో వారానికి సొంత పురాణంలో పడతారు. పదిలో రెండు క్లాసులకి మరొకరు వెనక కూర్చుని, పుస్తకంలో ఉన్నది చెప్పారా లేదా అని టిక్ పెట్టాలి.

9. "మళ్లీ నేరం" అంటే ఏమిటో ముందే రాసుకోవడం

ఈ అంచెకి ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. చాలా విదేశీ వ్యాసాల్లో "మళ్లీ శిక్ష పడడం" కొలుస్తారు. ఇక్కడ కేసు తేలేసరికి ఏళ్లు పడుతుంది. రెండేళ్ల గడువులో రెండు గుంపుల్లోనూ దాదాపు సున్నాలే వస్తాయి. తేడా లేదని రాసి ఇంటికి పోవాలి.

పోనీ "మళ్లీ అరెస్టు" అందామా? పాత నేరస్థుణ్ణి అనుమానం మీద తీసుకెళ్లడం కొత్త కాదు. రౌడీ షీట్ ఉన్నవాణ్ణి ఎన్నికల ముందో, పెద్ద తిరునాళ్ల ముందో పిలిచి బైండోవర్ చేస్తారు (గొడవ చేయనని పూచీ రాయించుకుంటారు). నాగరిక్ సురక్షా సంహితలోని 126, 129, 170 సెక్షన్ల కింద జరిగేది ముందు జాగ్రత్త చర్య, నేరం కాదు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర దొరికిన కేసు, పేకాట కేసు కలుపుతారా లేదా?

ఇక "మళ్లీ జైలుకి రావడం". ఈ-ప్రిజన్స్‌లో తేలిగ్గా దొరుకుతుంది. అందులో ఏవేవి కలిసిపోతాయో చూడండి:

- పాత కేసు వాయిదాకి వెళ్లక, నాన్‌బెయిలబుల్ వారెంట్ మీద వచ్చినవాళ్లు.
- విడుదలకి ముందు చేసిన నేరం ఇప్పుడు బయటపడి, పీటీ వారెంట్ (ఇంకో కేసులో ఖైదీని కోర్టులో హాజరుపరచమనే వారెంట్) మీద వచ్చినవాళ్లు.
- జరిమానా కట్టలేక వచ్చినవాళ్లు.
- కొత్త నేరం చేసి వచ్చినవాళ్లు.

మీకు కావాల్సింది చివరి వరస మాత్రమే. కాబట్టి అరెస్టు తేదీ కాకుండా నేరం జరిగిన తేదీ చూడాలి. నేనైతే ప్రధాన ఫలితం ఇలా రాస్తాను: "విడుదలైన 24 నెలల్లోపు, విడుదల తేదీ తర్వాత జరిగిన నేరానికి నమోదైన ఎఫ్ఐఆర్‌లో నిందితుడిగా జైలుకి రావడం. ముందు జాగ్రత్త అరెస్టులు, వారెంట్లు, పాత నేరాలు లెక్కలోకి రావు." జూదం, చిన్నచితకా ఎక్సైజ్ కేసుల్ని విడిగా చూపిస్తాను.

రికార్డు చూసి "ఇది లెక్కలోకి వస్తుంది, ఇది రాదు" అని తేల్చే మనిషికి ఎవరు ఏ గుంపో తెలియకూడదు. కార్యక్రమం నడిపిన సంస్థ మనిషి ఆ పని అసలు చేయకూడదు.

స్థానిక స్టేషన్‌కి పేర్ల జాబితా ఇవ్వొద్దన్నది ఇందుకే. ఫలానా ముగ్గురు మీ క్లాసులో చేరారని ఎస్సైకి తెలిస్తే వాళ్లమీద ఒక కన్నేసి ఉంచొచ్చు, లేదా కాస్త చూసీచూడనట్టు పోవచ్చు. ఏది జరిగినా ఫలితం చెడిపోయినట్టే.

10. బయటికెళ్లాక మనిషిని కనుక్కోవడం

బెయిల్ ఉత్తర్వో, రెమిషన్ ఉత్తర్వో వచ్చిందంటే మనిషి ఆ సాయంత్రమే గేటు దాటతాడు. "విడుదల రోజు అడ్రసు తీసుకుందాం" అనుకుంటే దొరకడు. అన్నీ మొదటి రోజే తీసుకోండి.

అతని ఫోన్ నంబరు ఒక్కటే చాలదు. సిమ్ మారిపోతుంది. కూలీకి చెన్నైకో బెంగళూరుకో, చీమకుర్తి గ్రానైటు క్వారీలకో, రొయ్యల చెరువుల కాపలాకో వెళ్లిపోతాడు. ఎక్కడికెళ్లినా అతని సంగతి తెలిసే ముగ్గురిని అడగండి: అమ్మ, అక్కచెల్లెళ్లలో ఒకరు, ఊళ్లో అతనికి బాకీ ఉన్నవాళ్లో టీకొట్టు ఆయనో. భార్య నంబరొక్కదాని మీదే ఆధారపడకండి. ఆమె పుట్టింటికి వెళ్లిపోయి ఉండొచ్చు, మాట్లాడే పరిస్థితి లేకపోవచ్చు.

ఊరికి వెళ్లేటప్పుడు జీపు, బోర్డు, టాగ్ వద్దు. "ఫలానా రమణయ్య ఇల్లెక్కడ? జైలు నుంచి వచ్చాం" అని వీధిలో అడిగితే అతని పని అక్కడితో సరి. ఏం చెప్పి రావాలో సమ్మతి రోజే అతన్నే అడిగి రాసుకోండి: "కాలేజీ నుంచి వచ్చాం", "సర్వే వాళ్లం", అతను ఏదంటే అది, అబద్ధం కాకుండా సర్దగలిగినది. ఉత్తరం రాస్తే కవరు మీద జైలు మాట ఉండకూడదు.

మనుషులు ఇంట్లో దొరికే రోజులు చూసుకోండి. సంక్రాంతి వారం, సొంతూరి తిరునాళ్లు, నెల్లూరు చుట్టుపక్కలైతే రొట్టెల పండగ. వలస వెళ్లినవాడు కూడా వస్తాడు. పండగపూట సుదీర్ఘ ఇంటర్వ్యూలు పెట్టకండి, పది నిమిషాల ప్రశ్నలే.

రికార్డుల్లో వెతికేటప్పుడు పేరు మీద ఆధారపడలేం. ఒకే మండలంలో పెంచలయ్యలు నలుగురు, మస్తానయ్యలు ముగ్గురు, కందుకూరు వైపు వెళ్తే మాలకొండయ్యలు లెక్కలేనంత మంది. కంప్యూటర్లో ఇంగ్లీషులో ఎక్కించేటప్పుడు "అయ్య"ను ఒక్కో గుమస్తా ఒక్కోలా రాస్తాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, ఇంకోచోట ఒక్క అక్షరం. కాబట్టి ఇవన్నీ కలిపి సరిచూడాలి:

- తండ్రి పేరు, ఊరు, మండలం
- పుట్టిన ఏడు (రెండేళ్లు అటూ ఇటూ వదలండి)
- రిజిస్టర్లో ఉన్న రెండు పుట్టుమచ్చల వివరం
- పాత కేసు క్రైమ్ నంబరు, స్టేషన్

వెతకడంలో రెండు గుంపులకీ ఒకే నియమం. కార్యక్రమం గుంపు వాళ్లు మీకు పరిచయస్తులైపోతారు కాబట్టి వాళ్లని తేలిగ్గా కనుక్కుంటారు. కంట్రోల్ వాళ్లు జారిపోతారు. ఒక్కో మనిషికి ఎన్ని ఫోన్లు, ఎన్నిసార్లు ఇంటికి వెళ్లడం అన్నది ముందే రాసుకుని అంతే చేయండి. జిల్లా రికార్డుతో ఆగకండి. గూడూరు దాటితే తమిళనాడు దగ్గరే.

11. లెక్క కట్టడం

ఒక్కటే సూత్రం: లాటరీ ఏ గుంపులో పడేసిందో చివరిదాకా అదే గుంపు. ఒక్క క్లాసుకీ రాకపోయినా సరే.

మళ్లీ ఊహ లెక్కే. కార్యక్రమంలో 100 మంది. 60 మంది పూర్తిచేశారు, వాళ్లలో 9 మంది మళ్లీ వచ్చారు, అంటే 15 శాతం. మానేసిన 40 మందిలో 16 మంది వచ్చారు, అంటే 40 శాతం. కంట్రోల్ గుంపులో 100కి 25. "పూర్తిచేసినవాళ్లలో 15, కంట్రోల్‌లో 25, అద్భుతం!" అని కరపత్రం వేసేవాళ్లుంటారు. కార్యక్రమం గుంపు మొత్తం చూడండి: 9, 16 కలిపితే 25. తేడా సున్నా. క్లాసులు పూర్తిచేసేది ఎటూ నిలకడ ఉన్నవాళ్లే. ఇలాంటి కరపత్రం ఎవరైనా చూపిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న: "మొదట చేరింది ఎంతమంది?"

గడియారం విడుదల రోజు నుంచి మొదలుపెట్టండి. లోపల ఉన్నవాడు బయట నేరం చేయలేడు. ఇంకో కేసులో లోపలే ఉండిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు ఎంతమందో రెండు గుంపులకీ చెప్పండి. ఆచూకీ దొరకనివాళ్లని "నేరం చేయలేదు" గడిలో వేసేయకండి. వాళ్లందరూ మళ్లీ వచ్చారనుకుని ఒకసారి, ఎవరూ రాలేదనుకుని ఒకసారి లెక్కేసి చూపించండి. రెండింట్లోనూ మీ మాట నిలబడితే గట్టిదే.

12. ఫలితం చెప్పేటప్పుడు

జైలు వాళ్లకి ఒక పేజీ, తెలుగులో, శాతాలు కాకుండా "100 మందిలో ఇంతమంది" అని రాయండి. పత్రికకి చెప్పే ముందు వాళ్లకి చెప్పండి. కార్యక్రమం పనిచేయలేదని తేలితే ఆ మాట రెండో వాక్యంలోనే ఉండాలి, పదో పేజీలో కాదు. ఏ జైలు అని రాస్తూనే నేరం, వయసు, ఊరు కలిపి ఒక మనిషి కథ రాస్తే పేరు మార్చినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అలాంటివి తీసేయండి.

సీటీఆర్ఐలో అదే నంబరు కింద ఫలితాలు ఎక్కించండి. పేర్లకీ కోడ్‌లకీ లంకె ఉన్న ఫైలును ఎథిక్స్ కమిటీకి రాసిచ్చిన తేదీన, ఇద్దరు సాక్షుల సంతకాలతో, కంప్యూటర్లోనూ కాగితం మీదా చెరిపేయండి. ఆ సంతకాల కాగితం నకలు జైళ్ల శాఖకి కూడా పంపండి.